బూబమ్మ ఏ సంఘం మనిషి?

అప్పనపల్లి అనగానే ఎవరికైనా బాలబాలాజీ గుడి గుర్తొస్తుంది. శనివారం వచ్చిందంటే వైనతేయ ఒడ్డున జనమే జనం. కొబ్బరికాయలు, గుండ్లు, పూలదండలు, మొక్కుబళ్ళు. నాకు మాత్రం ఆ ఊరి పేరు వింటే మా ఖాలా గుర్తొస్తుంది. ఆమె వెనకే ఒక రిజిస్టరు పుస్తకం గుర్తొస్తుంది.

1990ల నడిమి మాట. కోనసీమ ఊళ్ళల్లో డ్వాక్రా గ్రూపులు కడుతున్న రోజులు. ఖాలా వాళ్ళుండే చోట సాయిబుల ఇళ్ళు నాలుగంటే నాలుగు. పక్కన శెట్టిబలిజల ఇళ్ళు, కాలవ అవతల మాలపేట. ఖాలూ పోయి అప్పటికి రెండేళ్ళు. గ్రూపులో చేరితే చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయని ఖాలా కొంగు నెత్తిన కప్పుకుని, పది రూపాయలు పట్టుకుని వెళ్ళింది. పేర్లు రాసుకుంటున్న మనిషి మర్యాదస్తురాలే. "రండి బూబమ్మగారూ, కూకోండి" అంది. పేరడిగింది. ఖాలా చెప్పింది. ఆమెకి నోరు తిరగలేదు. మళ్ళీ అడిగింది. మూడోసారి నవ్వేసి, "బూబమ్మ అని రాసేత్తానండి, ఊళ్ళో అందరికీ తెలిసిందే కదా" అంది. అలాగే రాసేసింది. గ్రూపుకి లక్ష్మీదేవి పేరు పెట్టారు. నాలుగు నెలలు తిరిగేసరికి అప్పులు, వడ్డీల లెక్కలొచ్చాయి. వడ్డీ హరామని మా మగవాళ్ళు పేచీ పెట్టారు. వీళ్ళల్లో ఒకాయన కొబ్బరి వ్యాపారికి నూటికి మూడు రూపాయల వడ్డీ కడుతూనే ఉన్నాడు, అది వేరే సంగతి. ఎనిమిది నెలలకి ఖాలా గ్రూపు మానేసింది. మానేసిందో, మానిపించారో, అసలు చేర్చుకున్నారో లేదో నాకిప్పటికీ తేలదు.

నిష్ఠూరానికి చెప్పడం లేదు. పేరు రాసిన ఆమె మా ఇంటికి వచ్చేది, రంజాన్ సేమ్యా తినేది, సంక్రాంతికి అరిసెలు పంపేది. ఆమెకి మామీద ద్వేషం ఏ కోశానా లేదు. అందుకే ఈ విషయం గురించి మాట్లాడాలి. ద్వేషం లేనిచోట కూడా మా పేరు పుస్తకంలోకి ఎక్కదు. తెలుగునాట స్త్రీల సంఘాల చరిత్ర ఎవరు రాసినా ఆ రిజిస్టరులో 'బూబమ్మ' అని ఉన్న గీత దగ్గర ఒకసారి ఆగాలని నా కోరిక.

ఆ గ్రూపులు ఎక్కణ్ణించొచ్చాయో అందరికీ తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళ దగ్గర్నించి. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వాళ్ళ పుణ్యమే. కూలికెళ్ళే దళిత, బీసీ ఆడవాళ్ళు చీపుళ్ళూ కారప్పొళ్ళూ పట్టుకుని చేసిన పోరాటం అది. ఆ ఊపు తగ్గకముందే అదే జిల్లాలో రోజుకో రూపాయి దాచుకునే కార్యక్రమం మొదలయింది. దాని పేరు పొదుపులక్ష్మి. పేరులో ఏముందంటారు. ఏమీ లేకపోతే ఎప్పుడైనా పొదుపు ఫాతిమా అని పెట్టి చూడండి, ఏముందో తెలుస్తుంది.

తెలుగు స్త్రీల ఉద్యమ చరిత్ర అంటే మనకొక వరస అలవాటయింది. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం చేయించిన మొదటి వితంతు వివాహం. తర్వాత 1902లో బందరులో భండారు అచ్చమాంబ వాళ్ళ బృందావన స్త్రీ సమాజం. 1922లో గుంటూరులో ఉన్నవ లక్ష్మీబాయమ్మ శారదా నికేతనం. మా గోదావరి వైపు దువ్వూరి సుబ్బమ్మ. ఆ తర్వాత దుర్గాబాయి, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ. ఇందులో ఎవరి త్యాగమూ చిన్నది కాదు. సుబ్బమ్మ జైలుకెళ్ళిన కాలానికి ఆడమనిషి గడప దాటడమే పెద్ద వార్త. కానీ ఆ వరసలో సమస్యలన్నీ వితంతువులవి, బాల్య వివాహాలవి, పై కులాల పెరటి గోడలవి. పొలంలో నాటేసే ఆమెకి, అద్దకం అద్దే ఆమెకి, దూది ఏకే ఆమెకి గడప దాటడం సమస్య కాదు. గడప దాటకపోతే పొయ్యి వెలగదు.

ఆ వరసలో ఒకచోట మాత్రం మావాళ్ళు కనిపిస్తారు. 1921 ఏప్రిల్. గాంధీ కాకినాడ వస్తున్నాడు. దుర్గాబాయికి పన్నెండేళ్ళు నిండలేదు. ఆ పిల్లకి ఒక పట్టుదల పుట్టింది. దేవదాసీలని, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలని గాంధీ కలవాలి. వాళ్ళ బతుకులు బాగుపడే మాట ఆయన నోట వాళ్ళు వినాలి. సభ పెట్టే పెద్దలు అయిదు వేల రూపాయల నిధి ఇస్తే అయిదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు. పన్నెండేళ్ళ పిల్ల అంత డబ్బు ఎక్కణ్ణించి తెస్తుందని వాళ్ళ నమ్మకం. డబ్బు కూడింది. దేవదాసీలే పూనుకున్నారు. ఒక బడి ఆవరణలో వెయ్యిమందికి పైగా ఆడవాళ్ళు చేరారు. అయిదు నిమిషాలకని వచ్చిన గాంధీ అరగంటకి పైగా మాట్లాడాడు. ఒంటి మీద నగలు తీసి ఆయన ముందు పోశారు. వాటి విలువ పాతికవేల దాకా ఉంటుందని దుర్గాబాయి తన ఆత్మకథలో చెప్పుకుంది. టౌన్‌హాలు సభలో గాంధీ ప్రసంగానికి తెలుగు చెప్పే పనీ ఆ పిల్లకే దక్కింది.

నాకీ కథంటే చాలా ఇష్టం. మన జిల్లాలో, నూరేళ్ళ కిందట, సమాజం వెలివేసిన ఆడవాళ్ళూ గోడల వెనకుండే ఆడవాళ్ళూ ఒకే ఆవరణలో పక్కపక్కన కూచున్నారు. అది కూర్చింది ఏ నాయకుడూ కాదు, పన్నెండేళ్ళ పిల్ల. అయితే ఈ కథ మనం చెప్పుకునే తీరు చూడండి. గాంధీ పేరు చెబుతాం, దుర్గాబాయి పేరు చెబుతాం, వసూలైన రూపాయలు లెక్క చెబుతాం. బురఖాల్లో వచ్చిన వాళ్ళ పేర్లు ఎవరూ చెప్పరు. వాళ్ళు అక్కడ 'ముస్లిం స్త్రీలు' మాత్రమే. ఉద్ధరణకి వచ్చిన గుంపు. వాళ్ళల్లో ఎవరు మొదట గడప దాటుదామన్నారో, ఏ అత్తగారు అడ్డం పడిందో, ఏ భర్త జట్కాబండి కట్టించి పంపాడో చరిత్రకి అక్కర్లేకపోయింది. రెండేళ్ళ తర్వాత, 1923 డిసెంబరులో అదే కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అధ్యక్షుడు మౌలానా మొహమ్మద్ అలీ. మా మగవాడికి అంత పెద్దపీట వేసిన ఊళ్ళో మా ఆడవాళ్ళు ఘోషా తెరల వెనకే మిగిలారు. ఆ మౌలానాగారు కూడా తన అధ్యక్షోపన్యాసంలో అంటరానివాళ్ళని హిందువులూ ముస్లింలూ ప్రాంతాలవారీగా పంచుకుని ఉద్ధరించే ఆలోచన ఒకటి ప్రస్తావించాడు. అంబేడ్కర్ దీన్ని ఊరికే వదిలిపెట్టలేదు. పంచుకోవడానికి వాళ్ళేమన్నా పశువులా? ఆ మాటకొస్తే అప్పుడూ ఇప్పుడూ దళితుల్నీ ఆడవాళ్ళనీ పంచుకునే వాళ్ళకి మతంతో పనిలేదు.

మరి ముస్లిం స్త్రీలకి సొంత సంఘాలు లేవా? ఉన్నాయి. తెలుగు పుస్తకాల్లో లేవంతే. హైదరాబాదులో సుగ్రా హుమాయూన్ మీర్జా 1919లోనే అంజుమన్-ఎ-ఖవాతీన్-ఎ-దక్కన్ పెట్టింది. పత్రిక నడిపింది, నవలలు రాసింది, పర్దా వదిలి వీధిలోకొచ్చింది. 1934లో సఫ్దరియా బాలికల పాఠశాల పెట్టింది. తయ్యబా బేగం, ఆమె కూతురు మాసూమా బేగం స్త్రీల సంఘాల్లో దశాబ్దాలు పనిచేశారు. మాసూమా బేగం 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రి అయింది. వీళ్ళంతా ఉర్దూలో రాశారు, ఉర్దూలో మాట్లాడారు కాబట్టి తెలుగు స్త్రీల చరిత్రకి పరాయివాళ్ళయ్యారు. బెంగాలీలో రాసిన వాళ్ళని, ఇంగ్లీషులో రాసిన వాళ్ళని అనువాదం చేసుకుని మరీ నెత్తిన పెట్టుకున్నాం. పక్కింటి ఉర్దూ మాత్రం మనకి వినపడలేదు.

ఇక్కడ మా తప్పూ ఒప్పుకోవాలి. ఆ అంజుమన్‌లు నవాబుల ఇళ్ళ ఆడవాళ్ళవి. జాగీరు ఉన్న ఇళ్ళల్లో పర్దా మర్యాద. దూదేకుల ఆమెకి పర్దా ఎక్కడిది? కోస్తాలో ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా స్త్రీకి 'నీకు ఉర్దూ రాదు కదా, నువ్వేం ముసల్మానువి' అనే ఎకసెక్కం మావాళ్ళ నించే. హిందువుల దగ్గర తురకది, తురకల దగ్గర దూదేకులది. 2007లో బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చినపుడు ఎవరు లోపల, ఎవరు బయట అని పెద్ద చర్చ నడిచింది. కులం లేదని చెప్పుకునే మతంలో ఎన్ని గదులున్నాయో ఆ జాబితా చదివితేనే చాలామందికి తెలిసొచ్చింది. గదులున్నాయని ఆడవాళ్ళకి పెళ్ళి సంబంధాలప్పుడే తెలుసు.

ఇక రమీజాబీ. ఆమె దగ్గర ఆగకుండా ముందుకు పోలేం.

1978 మార్చి. హైదరాబాదు. రాత్రి సినిమా చూసి భర్తతో ఇంటికి పోతున్న ముస్లిం స్త్రీని పోలీసులు పట్టుకుని నల్లకుంట స్టేషనుకి తీసుకుపోయారు. అత్యాచారం చేశారు. అడిగిన పాపానికి ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ని, రిక్షా తొక్కుకునే మనిషిని, కొట్టారు. అతను చచ్చిపోయాడు. వేలమంది జనం శవాన్ని మోసుకెళ్ళి స్టేషను ముందు పెట్టారు. ఊరు అట్టుడికింది, కాల్పులు జరిగాయి. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ విచారణ సంఘాన్ని వేసింది. పోలీసులు దోషులేనని ఆ సంఘం తేల్చింది. కేసు కర్ణాటకలో రాయచూరు కోర్టుకి మారింది. 1981లో అందరూ నిర్దోషులై బయటికొచ్చారు.

ఆ విచారణలో పోలీసుల తరఫు వాదన ఏమిటి? ఆమె ఎలాంటిది? అంతకుముందు ఎన్ని పెళ్ళిళ్ళు? అహ్మద్ హుస్సేన్‌తో నిఖా చెల్లుతుందా? అంటే స్టేషనులో ఏం జరిగిందో తేల్చడం మానేసి ఈమె వేశ్యా, భార్యా అనేది తేల్చడానికి కూచున్నారు. ఒక స్త్రీ షరియత్ ప్రకారం నిఖార్సయిన భార్య అని రుజువైతేనే ఆమె మీద అత్యాచారం నేరమవుతుందన్నట్టు! వ్యక్తిగత చట్టం అంటే ఎంతో పవిత్రం అనుకునే మావాళ్ళకీ, ముస్లింల పెళ్ళిళ్ళంటేనే వెటకారం చేసే అవతలి వాళ్ళకీ ఇక్కడ సరిగ్గా కుదిరింది. ఇద్దరికీ ఆమె శీలమే కావాలి.

హైదరాబాదు స్త్రీవాదులు ఆ అల్లర్లలో నుంచే నడిచొచ్చారు. 1974లో ఉస్మానియా విద్యార్థినులు పెట్టిన ప్రగతిశీల మహిళా సంఘం ఎమర్జెన్సీలో చెదిరిపోయింది. అందులోంచి వచ్చిన వాళ్ళు 1978లో స్త్రీశక్తి సంఘటన పెట్టుకున్నారు. మధుర కేసులో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఆ ఏడాదిదే. దేశమంతా ఆడవాళ్ళు రోడ్డెక్కితే 1983లో అత్యాచార చట్టం మారింది. పోలీసు కస్టడీలో జరిగిన అత్యాచారంలో 'నేను ఒప్పుకోలేదు' అని ఆమె చెబితే కోర్టు ఆ మాట నుంచే మొదలుపెట్టాలి అన్న నిబంధన అప్పుడొచ్చింది. మధుర ఆదివాసీ. రమీజాబీ ముస్లిం. ఈ దేశంలో ఆడవాళ్ళందరికీ అక్కరకొచ్చిన చట్టానికి మూల్యం చెల్లించింది ఎవరో గుర్తుపెట్టుకోవడం న్యాయం. స్త్రీశక్తి వాళ్ళని ఇంకో పనికి కూడా మెచ్చుకోవాలి. 1986లో వాళ్ళు తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాటంలో పనిచేసిన స్త్రీల మాటలు వాళ్ళ నోటనే వినిపించారు. అందులో జమాలున్నీసా బాజీ ఉంది, రజియా బేగం ఉంది. పేర్లతో ఉన్నారు. 1921లో కాకినాడ బడి ఆవరణలో లేనిది ఇక్కడ దొరికింది.

అంతలో షాబానో వచ్చిపడింది. 1985 ఏప్రిల్‌లో తీర్పు, 1986లో చట్టం. ఒక ముసలామె తిండి ఖర్చు అడిగితే దేశం రెండుగా చీలింది. మా పెద్దమనుషులు షరియత్ ప్రమాదంలో ఉందని ఊరేగింపులు తీశారు. విడాకులిచ్చిన ఆడది ఆకలితో ఉన్నప్పుడు షరియత్ ప్రమాదంలో పడినట్టు వాళ్ళకి తోచలేదు. అటువైపు, ముస్లిం స్త్రీల మీద ఎన్నడూ లేని ప్రేమ కాషాయ జెండాల వాళ్ళకి పుట్టుకొచ్చింది. ఉమ్మడి పౌరస్మృతి అడుగుతూ వచ్చిన స్త్రీల సంఘాలు తమ నినాదం ఎవరి నోట్లో పలుకుతోందో చూసి ఉలిక్కిపడ్డాయి. 1992 డిసెంబరు తర్వాత ఆ ఉలికిపాటు ఆలోచనగా మారింది. హైదరాబాదులో అన్వేషి వాళ్ళు 1997లో, స్త్రీకి న్యాయం చట్టంతోనే వస్తుందా, ఈ పౌరస్మృతి గొడవ వెనక ఎవరి రాజకీయం ఉంది అని నిలబడి అడిగారు. నన్నడిగితే అది తెలుగునాట స్త్రీవాదం మావైపు వేసిన పెద్ద అడుగు. ఆలస్యమే. కానీ వేసింది.

సాహిత్యంలోనూ ఆ రోజులవే. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1993లో స్త్రీవాద కవితల 'నీలి మేఘాలు', 1998లో స్కైబాబ సంకలనం 'జల్‌జలా'. ఒకటి స్త్రీల బాధ చెప్పింది, మిగతావి ముస్లింల బాధ చెప్పాయి. రెండూ ఒకే ఒంటి మీద మోసే మనిషి తన గొంతుతో తాను మాట్లాడటానికి మరి కొంతకాలం పట్టింది. 2005లో షాజహానా 'నఖాబ్' వచ్చింది. మా మగ కవులు బురఖా గురించి బోలెడు రాశారు. వేసుకునే మనిషి రాస్తే వేరేగా ఉందని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు కువైట్ సంగతి. కోనసీమ గురించి రాస్తూ కువైట్ దాటేసి పోతే అది అబద్ధపు చరిత్రే.

మా ఖాలా గ్రూపు మానేసిన మరుసటేడు కువైట్ వెళ్ళింది. కోనసీమ నుంచీ కడప జిల్లా నుంచీ ఇంటిపనికి ఆడవాళ్ళు గల్ఫ్ పోవడం అప్పటికే పాతబడింది. 1990 ఆగస్టులో సద్దాం కువైట్ మీద పడినపుడు అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చిన లక్షకు పైగా భారతీయుల్లో మావైపు ఆడవాళ్ళూ ఉన్నారు. యుద్ధం అయిపోగానే మళ్ళీ పోయారు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి రెండు నెలలు మండింది. కొబ్బరిచెట్లు మాడిపోయాయి. గ్యాసు తవ్వుకుపోయే వాళ్ళు మా భూమిలోంచి ఎంత తీసుకుపోయారో లెక్కలున్నాయి. ఆ భూమి మీది ఆడవాళ్ళు దినార్లు ఎంత పంపారో, ఆ దినార్లతో ఎన్ని డాబాలు లేచాయో లెక్క కట్టినవాడు లేడు.

ఖాలా వెళ్తుంటే మావాళ్ళకి ఒక ధైర్యం. ముస్లిం దేశం కదా. మనం మొహం తిప్పి నమాజు చేసే దిక్కు కదా. ఐదు పూటలా అజాన్ వినపడుతుంది. మాలపేట నుంచి వెళ్ళిన ఆమెకి లేని భద్రత మనమ్మాయికి ఉంటుంది. తీరా వెళ్ళాక ఖాలా చూసింది వేరు. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలోకి పోయింది. ఖాదిం వీసా అంటే ఆ ఇంటికి కట్టేసిన తాడు. ఇంటి యజమానురాలు మామా, యజమాని బాబా. ఈమె ఖద్దామా. ఆ ఇంట్లో అంతకుముందు ఒక సిలోన్ అమ్మాయి పనిచేసి వెళ్ళిపోయిందట. కొత్త పేరు నేర్చుకునే ఓపిక లేక ఖాలాని కూడా ఆ పేరుతోనే పిలిచారు. ఇక్కడ బూబమ్మ. అక్కడ ఇంకెవరి పేరో. అజాన్ వినపడేది నిజమే. నమాజుకి పొయ్యి దించే వీలు ఉండేది కాదు.

జీతం దేశాన్ని బట్టి. ఒకే పని. ఫిలిప్పీన్స్ మనిషికి ఒక రేటు, ఇండియా మనిషికి అంతకంటే తక్కువ, ఇథియోపియా మనిషికి ఇంకా తక్కువ. ఒంటి రంగు తగ్గినకొద్దీ దినార్లు తగ్గుతాయి. ఏజెంట్లు దీన్ని కూరగాయల ధరలు చెప్పినట్టు చెబుతారు. మొదటి ముఅజ్జిన్ బిలాల్ హబ్షీ అని, నల్లవాడని, బానిసత్వం నుంచి విడుదలైనవాడని మా మదర్సాలో పిల్లలకి చెబుతారు. అరబ్బుకీ అరబ్బు కానివాడికీ ఎక్కువ తక్కువల్లేవని ప్రవక్త తన ఆఖరి హజ్ ప్రసంగంలో చెప్పిన సంగతి జుమ్మాలో వింటూనే ఉంటాం. ఖాలా సెలవు మీద వచ్చినపుడు అదంతా విని, "ఆ మాట మా మామాకి ఎవరూ చెప్పలేదు కాబోలు" అంది. ఇస్లాంలో జాతిభేదం లేదని వాదించే ముందు మా పెద్దలు కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒక ఆడమనిషినైనా అడగాలి. అదే నోటితో ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ వంటిళ్ళలో ఖాలాకి తోడు నిలిచింది రాజోలు వైపు మాలామె, ఇథియోపియా క్రైస్తవురాలు. అరబ్బీ ముక్కలు నేర్పింది, జ్వరమొస్తే మందుబిళ్ళ దాచి ఇచ్చింది వాళ్ళే. ఊళ్ళో కాలవకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు పరాయి దేశంలో ఒక రొట్టె విరుచుకు తిన్నారు.

కువైట్ స్త్రీలకి కూడా సంఘాలున్నాయి, 1960ల నుంచీ ఉన్నాయి. ఏళ్ళ తరబడి కొట్లాడి 2005లో ఓటుహక్కు తెచ్చుకున్నారు, 2009లో నలుగురు పార్లమెంటుకి గెలిచారు. గొప్ప విజయమే. ఊరేగింపుకెళ్ళిన ఆ స్త్రీల పిల్లలకి ఆ పూట అన్నం పెట్టింది ఎవరు? ఇంటిపని మనుషుల్ని 2010 కార్మిక చట్టం బయటే ఉంచింది. 2015లో 68వ నంబరు చట్టం వచ్చాకనే పన్నెండు గంటల పనికి హద్దు, వారానికో సెలవు, ఏడాదికి జీతంతో నెల సెలవు కాగితం మీదికొచ్చాయి. మరుసటేడు కనీస వేతనం అరవై దినార్లన్నారు. మన హైదరాబాదు, విజయవాడ ఇళ్ళల్లో పనిమనిషి బతుకూ అంతంతమాత్రమే కనక మరీ ఎగతాళి చేయనక్కర్లేదు. ఇంటిపనివాళ్ళ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తెచ్చిన 189వ ఒప్పందాన్ని కువైట్ ఆమోదించలేదు, ఇండియా కూడా ఆమోదించలేదు. ఫిలిప్పీన్స్ మరుసటేడే ఆమోదించింది. అంతకుముందు 2006లోనే తమ ఇంటిపనివాళ్ళకి నాలుగు వందల డాలర్లకి తగ్గితే పంపమని ఆ దేశం తేల్చిచెప్పింది. అంటే రేటులో తేడాకి ఒంటి రంగు ఒక్కటే కాదు కారణం. వాళ్ళ వెనక ఒక ప్రభుత్వం, దాన్ని నిలదీసే సంఘాలు ఉన్నాయి. కువైట్‌లోనే ఫిలిప్పీన్స్ ఇంటిపనివాళ్ళు సందిగన్ అనే సంఘం కట్టుకున్నారు. మన ప్రభుత్వం ఏం చేసింది? ముప్ఫై ఏళ్ళు నిండని ఆడది ఆ పనికి వెళ్ళకూడదంది, 2016 నుంచి సర్కారు ఏజెన్సీల ద్వారానే వెళ్ళాలంది. దారి మూసేశామనుకుంది. ఏజెంట్లు విజిట్ వీసా అనే దొడ్డిదారి చూపించారు. కాగితం లేకుండా వెళ్ళినామె కఫీల్ ఇంట్లోంచి పారిపోతే ఖల్లివెల్లి. ఫిర్యాదు చేయడానికి ఎంబసీకి పోవాలన్నా భయమే.

జాతి సమానత్వం అంటే అమెరికా నల్లవాళ్ళ గొడవ అని మనవాళ్ళ అభిప్రాయం. 2001లో డర్బన్‌లో జాతివివక్ష మీద ప్రపంచ సదస్సు జరిగినపుడు, కులం కూడా పుట్టుక వల్ల వచ్చే వివక్షే అని చెప్పడానికి దళిత స్త్రీలు వెళ్ళారు. 1995లో దళిత స్త్రీల జాతీయ సమాఖ్య పెట్టిన రూత్ మనోరమ లాంటి వాళ్ళు. అది మా ఇంటి విషయం అని భారత ప్రభుత్వం అడ్డం పడింది. ఇంటి విషయం అనే మాట ఎక్కడ విన్నా ఆడవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. భర్త కొట్టేటప్పుడు అనేదీ అదే మాట. అంతకు ఏడాది ముందే ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ ఇరవై అయిదో సిఫారసులో ఒక సంగతి ఒప్పుకుంది. జాతివివక్ష ఆడవాళ్ళ మీదా మగవాళ్ళ మీదా ఒకేలా పడదు. అందుకు అది ఇచ్చిన ఉదాహరణల్లో, పరాయి దేశాల్లో ఇంటిపని చేసే ఆడవాళ్ళ మీద యజమానుల దాష్టీకం ఒకటి. జెనీవాలో కూచున్న వాళ్ళకి మా ఖాలా కనిపించింది. మామిడికుదురు మండలంలో మాకు కనిపించలేదు.

కనిపించే చోట్లు లేకపోలేదు. హైదరాబాదు పాతబస్తీ సుల్తాన్‌షాహీలో కవయిత్రి జమీలా నిషాత్ 2002 నుంచి నడుపుతున్న షాహీన్ ఉంది. అరబ్ షేకులకి పిల్లల్ని నాలుగు రోజుల నిఖాలతో అమ్మే దళారుల మీద వాళ్ళు పోరాడారు. 1991లో విమానంలో ఏడుస్తూ కనిపించిన పదేళ్ళ పెళ్ళికూతురి కథ అప్పట్లో దేశమంతా చదివింది. చదివి ముస్లింలింతే అని చప్పరించి ఊరుకుంది. షాహీన్ వాళ్ళు చప్పరించలేదు, ఆ గల్లీల్లోనే కూచున్నారు. అక్కడ ముస్లిం పిల్లలతో పాటు దళిత, బీసీ పిల్లలూ ఉంటారు. 2007లో భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ పుట్టింది. 2017 ఆగస్టులో మూడు తలాక్ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చిందంటే ఇలాంటి ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగిన తిరుగుడు వల్ల. 2019 చట్టం మాత్రం ఆ తీర్పుతో చెల్లనిదైన మాటకి మగవాడిని జైల్లో పెడుతుంది. జైల్లో ఉన్నవాడు భరణం ఎలా ఇస్తాడని అడిగిన ముస్లిం స్త్రీకి జవాబు చెప్పినవాళ్ళు లేరు. మా మీద ప్రేమతో చేసిన చట్టాలన్నీ ఇంతే, మమ్మల్ని అడగరు.

మావైపు అలాంటి సంఘం లేదు. ఎందుకు లేదన్నది ఆలోచిస్తే నాకు తోచేది ఒకటే. మేం చెదురుమదురుగా ఉన్నాం. నగరంలో లాగ ఒక పెద్ద వాడ ఉంటే కోపం కూడబెట్టుకోవచ్చు. ఊరికి నాలుగిళ్ళ వాళ్ళు మర్యాదగా బతకడం నేర్చుకుంటారు. ఎదురు చెప్పరు. 2014 జూన్‌లో నగరంలో (ఇది హైదరాబాదు కాదు, మా మండలంలో ఊరి పేరే నగరం) గ్యాసు పైపు పేలి ఇరవై మందికి పైగా కాలిపోయినపుడు కులం మతం లేకుండా అందరం ఏడ్చాం. 2022 మే నెలలో జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామంటే అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ సాయంత్రం మా ఇళ్ళల్లో తలుపులు బిగించుకు కూచున్నాం. మా జోలికి ఎవరూ రాలేదు. ఒక పేరు కోసం ఇళ్ళు తగలబెట్టిన చోట మా పేర్ల సంగతి ఎత్తడం ఎవరికి సాధ్యం?

ఖాలా పదమూడేళ్ళు కువైట్‌లో చేసి వచ్చింది. ఇద్దరు కూతుళ్ళకి పెళ్ళిళ్ళు చేసింది, రెండు గదుల డాబా వేసింది. వచ్చిన కొత్తల్లో ఆమె వెనక ఊరు అనుకున్న మాట నాకు తెలుసు. అన్నేళ్ళు మగతోడు లేకుండా ఉంది, ఎలాంటిదో. ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల వకీళ్ళు అడిగిన మాటే. మా మసీదు కమిటీలో ఒకాయన కూడా అదే అన్నాడు. ఆయన కొడుకు గల్ఫ్‌లో పదేళ్ళు ఉంటే ఆ ప్రశ్న రాలేదు.

ఇప్పుడు మా ఖాలాకి డెబ్బై దాటాయి. సాయంత్రం పూట ఆమె అరుగు మీద కువైట్ చేసొచ్చిన ఆడవాళ్ళు నలుగురైదుగురు చేరతారు. కాలవ అవతలి నుంచి కూడా వస్తారు. కొత్తగా ఎవరైనా వెళ్తుంటే ఏజెంటు కాగితాలు తెచ్చి చూపించుకుంటారు. పాస్‌పోర్టు జిరాక్సు ఒకటి ఇంట్లో పెట్టి వెళ్ళమని, ఎంబసీ నంబరు రవికె లోపల కుట్టించుకోమని, మొదటి నెల జీతం చేతికి రాకపోతే ఏ ఫోనుకి చెప్పాలో వీళ్ళు నేర్పుతారు. దానికి పేరు లేదు, రిజిస్టరు లేదు, ప్రెసిడెంటు లేదు.

ఖాలా వృద్ధాప్య పింఛను కాగితం మాత్రం తిరిగొచ్చింది. పాస్‌పోర్టులో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకొకటి, బ్యాంకు పాస్‌బుక్కులో పాత గ్రూపు పుస్తకం చూసి ఎక్కించిన 'బూబమ్మ'. ముగ్గురూ ఒక్కరేనని రుజువు తెమ్మన్నారు. పోయిన నెల నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. కౌంటరు దగ్గర కుర్రాడు పేరడిగాడు. ఖాలా గొంతు సవరించుకుని, అక్షరం అక్షరం విడదీసి, నిదానంగా చెప్పడం మొదలుపెట్టింది.